తెగువ ఎవరికి లేదు? బొమ్మాబొరుసుతో తేల్చిన ప్రొఫెసర్

పేదవాడికి తెగువ లేదనే మాట మన పల్లెల్లో చాలా పాతది. శిక్షణ శిబిరంలో అధికారి అంటాడు, బల్ల వెనక కూర్చుని బ్యాంకు మేనేజరు అంటాడు, రచ్చబండ మీద మోతుబరి అంటాడు. "కొత్త విత్తనం వేయమంటే వేయరు, ఎరువు చల్లమన్నంత చల్లరు, నాలుగు రూపాయలొచ్చే పంట పెట్టమంటే గుండె చాలదు. అందుకే వాళ్లక్కడున్నారు, మేమిక్కడున్నాం" అన్నది ఆ మాట సారాంశం. మంగళగిరి చుట్టుపట్ల కౌలుకు చేసే రైతుకు గానీ, కూలికి పోతూ అరెకరం పాలుకు చేసుకునే మనిషికి గానీ ఈ మాట వినడం అలవాటే. వినీ వినీ కొందరు తామే నమ్మేశారు కూడా. "మాకంత ధైర్యమెక్కడిదయ్యా" అంటారు.

ఇది నిజమా కాదా అని ఒక ప్రొఫెసర్ డబ్బు పెట్టి మరీ పరీక్షించాడు. ఎక్కడో అమెరికాలో కాదు, తెలుగు పల్లెల్లోనే. ఆయన పేరు హాన్స్ బిన్స్‌వాంగర్. మనిషి డబ్బు దగ్గర, నష్టభయం దగ్గర నిజంగా ఎలా నడుచుకుంటాడో గమనించి లెక్కగట్టే చదువును ఇప్పుడు ప్రవర్తనా అర్థశాస్త్రమని పిలుస్తున్నారు. దానికి నోబెల్ బహుమతులు కూడా వచ్చాయి. ఆ చదువు ఇంకా పేరు తెచ్చుకోకముందే, కూలీలనూ రైతులనూ కూర్చోబెట్టి నిజం డబ్బుతో ప్రయోగం చేసిన తొలి వాళ్లలో ఈయనొకడు.

1943లో స్విట్జర్లాండ్‌లో పుట్టాడు. జ్యూరిచ్‌లో వ్యవసాయశాస్త్రం చదివి, అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. 1970ల నడుమ హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు వచ్చాడు. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ వంటి మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో పెట్టిన అంతర్జాతీయ సంస్థ అది. 1975లో ఆ సంస్థ ఆర్థికవేత్తలు ఒక మంచి పని చేశారు. పరిశోధన కేంద్రం కంచె దాటి ఆరు ఊళ్లను ఎంచుకున్నారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లి, దోకూరు. మహారాష్ట్రలోని షోలాపూర్ జిల్లాలో రెండు, అకోలా జిల్లాలో రెండు. ఊరికి నలభై కుటుంబాలు. అందులో పది భూమిలేని కూలీ కుటుంబాలు, పది చిన్న రైతులవి, పది మధ్య రైతులవి, పది పెద్ద రైతులవి. పరిశోధకులు ఆ ఊళ్లలోనే కాపురముండి ఏ ఇంట్లో ఎంత పండింది, ఎంత తిన్నారు, ఎవరి దగ్గర ఎంత అప్పు తెచ్చారు, ఎన్ని రోజులు కూలి దొరికింది అన్నది ఏళ్ల తరబడి రాసుకుంటూ పోయారు. కార్లో వచ్చి గంటసేపు ప్రశ్నలడిగి వెళ్లే సర్వేలు చూసి విసిగిన వాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

పాలమూరు కూలీలంటే మనకు కొత్తేమీ కాదు. ప్రాజెక్టు కట్టినా, కాలువ తవ్వినా, రోడ్డు వేసినా తట్టా పారా పట్టుకుని వచ్చింది వాళ్లే. బిన్స్‌వాంగర్ పరీక్షకు కూర్చున్నది ఆ మనుషులూ, వాళ్లకు అప్పులిచ్చిన, వాళ్లను జీతానికి పెట్టుకున్న పెద్ద రైతులూ. మొత్తం 240 కుటుంబాలు.

ముందుగా అందరూ చేసే పద్ధతే చేశారు. ప్రశ్నలడిగారు. "ఇంత ఖాయంగా వస్తే తీసుకుంటావా, లేక అంతకు రెట్టింపు రావచ్చు, రాకపోవచ్చు అంటే దిగుతావా?" అని. జవాబులొచ్చాయి. తర్వాత అదే మనుషులతో నిజం డబ్బు పెట్టి ఆట ఆడించారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడా పొంతన లేదు. మాటల్లో భయస్థుడుగా తేలినవాడు ఆటలో భయస్థుడు కాదు, మాటల్లో శూరుడు ఆటలో శూరుడు కాదు. అడిగే మనిషిని బట్టి జవాబు మారిపోతోందని ఆయన కనిపెట్టి, ఆ ప్రశ్నల పద్ధతి నమ్మదగింది కాదని రాసేశాడు. ఇది ఒక్కటే చాలు. పేదల మనస్తత్వం మీద ప్రశ్నపత్రాలు నింపి పుస్తకాలు వేసినవాళ్లు ఎంతమందో!

ఇక ఆట. ఇది కాస్త నిదానంగా చదవాలి, ఎందుకంటే అసలు సంగతంతా ఇందులోనే వుంది. మనిషి ముందు ఒక పట్టిక పెడతారు. అందులోంచి ఒక వరుసను ఎంచుకోవాలి. తర్వాత నాణెం ఎగరేస్తారు. మొదటి వరుసలో బొమ్మ పడినా 50 రూపాయలే, బొరుసు పడినా 50 రూపాయలే. రెండో వరుసలో ఒకవైపు పడితే 45, రెండోవైపు పడితే 95. ఆ తర్వాత 40, 120. ఆ తర్వాత 30, 150. ఆ పైన 10, 190. చిట్టచివరి వరుసలో ఒకవైపు పడితే సున్నా, రెండోవైపు పడితే 200. కిందికి దిగేకొద్దీ వచ్చే ఆశ పెరుగుతుంది, పోయే భయమూ పెరుగుతుంది. చివరి రెండు వరుసలకూ సగటు వందే కాబట్టి, చివరిదాన్ని ఎంచుకునేవాడు పందెం సరదాకే ఎంచుకోవాలి. ఇవి కాక, తెలివిగా చూస్తే ఎంచుకోకూడని వరుసలు ఒకటి రెండు మధ్యలో కలిపారు, జనం లెక్క చూసుకుంటున్నారో లేదో తెలుసుకోవడానికి.

ఒక్కసారిగా యాభై రూపాయల ఆట పెట్టలేదు. మొదట అర్ధరూపాయి ఆట, తర్వాత అయిదు రూపాయల ఆట, అప్పుడు యాభై. వారాల తరబడి నడిపారు. 200 రూపాయలంటే ఇవాళ కాఫీ టిఫిను ఖర్చనిపించవచ్చు. ఆ రోజుల్లో ఆ ఊళ్లలో నైపుణ్యం లేని కూలీకి నెలంతా కష్టపడితే వచ్చే ఆదాయం కంటే అది ఎక్కువ. అంటే నెల రోజుల కడుపుతిండి నాణెం మీద నిలబడింది. ఉత్తుత్తి ఆట కాదు.

ఏం తేలింది? అర్ధరూపాయి దగ్గర జనం రకరకాలుగా ఆడారు, చివరి వరుసలకు పోయి సరదాపడిన వాళ్లూ చాలామందే. యాభై రూపాయలకు వచ్చేసరికి దాదాపు అందరూ మధ్య వరుసల్లోకి వచ్చి నిలబడ్డారు. పూర్తి భద్రంగా 50 పుచ్చుకుని పోయినవాళ్లు బహుకొద్ది. సున్నాకు తెగించిన వాళ్లూ కొద్దే. ఏ మేరకు నష్టాన్ని ఓర్చుకోవచ్చో అంతవరకే దిగారు. కూలీ అంతే, చిన్న రైతు అంతే, వందల బస్తాలు పండించే పెద్ద రైతూ అంతే. ఆస్తి పెరిగేకొద్దీ తెగువ కొంచెం పెరిగినట్టు కనబడింది గానీ, గణాంకశాస్త్రం ఒప్పుకునేంత తేడా కాదది. ఈ ఫలితాలను 1980లో అమెరికన్ వ్యవసాయ ఆర్థికశాస్త్ర పత్రికలో ప్రచురించాడు.

మోతుబరికి పుట్టుకతో వచ్చిన సింహపు గుండె ఏదీ లేదని దీని అర్థం. అదే నాణెం, అదే పట్టిక అందరి ముందూ పెడితే కూలీ మనిషీ ఆసామీ ఒకే వరుస దగ్గర వేలు పెడుతున్నారు.

మరైతే పొలంలో తేడా ఎందుకొస్తోంది? ఆసామి బోరు వేస్తాడు, కొత్త వంగడం వేస్తాడు, పక్కనున్న చిన్న రైతు వేయడు. బిన్స్‌వాంగర్ జవాబు సూటిగా వుంది. తేడా మనసులో లేదు, చేతిలో వుంది. అప్పు దొరకడం, మార్కెట్టు అందుబాటు, వ్యవసాయశాఖ వాళ్లు ఎవరి గడపకు పోతున్నారన్నది, వీటిలో తేడాలున్నాయి కాబట్టే పెట్టుబడిలో తేడా అన్నాడు. రైతు సంఘాల వాళ్లు ఈ మాట ఎప్పటినుంచో అంటున్నదే కదా అనవచ్చు. అంటున్నదే. అయితే వాళ్లంటే ఉపన్యాసమన్నారు. ఈయన అంకెలతో చూపేసరికి ప్రపంచంలోని వ్యవసాయ కళాశాలలన్నీ చదువుకున్నాయి.

ఇక్కడితో ఆగలేదు. 1986లో మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికవేత్తతో కలిసి వ్యవసాయంలో ఉత్పత్తి సంబంధాలకు మూలాలేమిటో ఒక వ్యాసం రాశాడు. అప్పు ఇచ్చేవాడికి తాకట్టు కావాలి. పల్లెలో పనికొచ్చే తాకట్టు భూమి ఒక్కటే. పశువు చచ్చిపోవచ్చు, పంట కొట్టుకుపోవచ్చు, భూమి ఎక్కడికీ పోదు. కాబట్టి భూమి వున్నవాడికే అప్పు, అప్పు వున్నవాడికే పెట్టుబడి. లేనివాడు షావుకారు దగ్గరకో, కమీషన్ వ్యాపారి దగ్గరకో, తాను పనిచేసే ఆసామి దగ్గరకో పోవాలి. మళ్లీ 1993లో ఇద్దరూ కలిసి ఆ ఊళ్ల లెక్కలే తీసి ఇంకో సంగతి తేల్చారు. వానలు ఎప్పుడు పడతాయో తెలియని అనిశ్చితి ఒక మెట్టు పెరిగిందనుకుందాం. ఆస్తిలో అట్టడుగున వున్న నాలుగో వంతు రైతులకు లాభం సుమారు 35 శాతం పడిపోతుంది. పైనున్న నాలుగో వంతుకు చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదు. కారణం, అడుగునున్నవాడు ముందే జాగ్రత్తపడి, తక్కువ పండినా బతికించే పంటకు, తక్కువ పెట్టుబడికి దిగిపోతాడు. వాన బాగా పడిన ఏడు కూడా ఆ జాగ్రత్తకు మూల్యం చెల్లిస్తూనే వుంటాడు. దాన్ని పిరికితనమంటే ఏం చెప్పాలి!

మంగళగిరిలో మగ్గం మీద బతికే కుటుంబాలకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. నూలు మాస్టర్ వీవర్‌ది, రంగు ఆయనది, చీర అంచు ఎలా వుండాలో ఆయనే చెబుతాడు, కూలి మాత్రం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడిది. "కొత్త డిజైను నువ్వెందుకు వేయవు" అని వాణ్ణి అడగడం ఎలాంటిదో, కౌలు రైతును కొత్త పంట ఎందుకు వేయవని అడగడమూ అలాంటిదే.

భీమా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2003లో అదే మహబూబ్‌నగర్ జిల్లాలో బేసిక్స్ అనే సంస్థ, ఐసిఐసిఐ లాంబార్డ్ కంపెనీ కలిసి వర్షభీమా అమ్మాయి. వాన తక్కువ పడితే డబ్బిస్తారు. నష్టానికి భయపడేవాడే ముందు కొనాలి కదా? పరిశోధకులు పోయి చూస్తే తలకిందులుగా వుంది. ఎక్కువ భయమున్న కుటుంబాలే తక్కువ కొన్నాయి, కలిగినవాళ్లు ఎక్కువ కొన్నారు. తెలియని కంపెనీకి ముందుగా డబ్బు కట్టడమే వాళ్ల దృష్టిలో పెద్ద పందెం. పైగా ప్రీమియం కట్టాల్సింది విత్తనాలకూ ఎరువులకూ చేతిలో పైసా మిగలని దినాల్లో. నష్టభయం తీర్చడానికి వచ్చిన పథకం కూడా డబ్బున్నవాడి ఇంటికే దారి వెతుక్కుంది.

ఇంకొక ప్రయోగం పొరుగున తమిళనాడులో జరిగింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, మరిద్దరు శాస్త్రజ్ఞులు 464 మంది చెరకు రైతులకు బుద్ధి పరీక్షలు పెట్టి 2013లో ఫలితాలు ప్రచురించారు. కోతకు ముందు చేతిలో డబ్బాడని రోజుల్లో ఒకసారి, కోతయ్యి డబ్బొచ్చాక ఒకసారి, అదే మనిషికి. ముందు తడబడినవాడే తర్వాత బాగా రాశాడు. మనిషి మారలేదు, తెలివి మారలేదు. అప్పు ఎలా తీర్చాలన్న ఆలోచన బుర్రలో సగం జాగా ఆక్రమించుకుంది, అంతే. కోతకు ముందు నెలల్లో ఇంట్లో జరిగే పోట్లాటలు గుర్తుతెచ్చుకుంటే దీనికి శాస్త్రజ్ఞుల సాక్ష్యం కూడా అక్కర్లేదు.

బిన్స్‌వాంగర్‌ను ఆకాశానికెత్తడం మన వుద్దేశం కాదు. 1980లో ఆయన ప్రపంచబ్యాంకుకు వెళ్లాడు, పాతికేళ్లు అక్కడే పనిచేశాడు. ఆ పాతికేళ్ల లెక్కా చూడాలి.

దక్షిణాసియాలో ట్రాక్టర్ల మీద 1978లో ఆయన రాసింది కూలీ సంఘాలు చదవదగింది. ట్రాక్టరు వచ్చినందువల్ల దిగుబడి పెరిగిందని గానీ, ఏడాదికి వేసే పంటలు పెరిగాయని గానీ సర్వేల్లో బలమైన సాక్ష్యం కనబడలేదన్నాడు. ఎక్కువ భాగం అది ఎద్దుల చోటూ, మనుషుల చోటూ ఆక్రమించుకోవడమే. 1995లో ఇంకో ఇద్దరితో కలిసి భూమి చరిత్ర మీద పెద్ద వ్యాసం రాశాడు. పెద్ద కమతాలు నిలిచింది బాగా పండించినందువల్ల కాదు, అధికారబలంతో, పన్నులతో, వెట్టితో, చిన్న రైతుకు వేరే దారి లేకుండా చేసి నిలిచాయని దేశదేశాల చరిత్ర తీసి చూపాడు. కూలీలను పెట్టి చేయించే పెద్ద సేద్యం కంటే కుటుంబ సేద్యమే మెరుగని వాదించాడు.

రోగాన్ని ఇంత బాగా పట్టుకున్న వైద్యుడు మందు దగ్గరకొచ్చేసరికి తడబడ్డాడు. దక్షిణాఫ్రికాలో తెల్లదొరల పాలన ముగిసే వేళ, 1993 ప్రాంతంలో భూసంస్కరణకు ప్రపంచబ్యాంకు తరఫున సలహా ఇచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. అమ్మదలిచినవాడు అమ్ముతాడు, కొనదలిచినవాడు సర్కారు సాయంతో మార్కెట్టు ధరకు కొనుక్కుంటాడన్న దారి అది. తెల్లవాళ్ల చేతిలోని సాగుభూమిలో 30 శాతం అయిదేళ్లలో పంచుతామన్నారు. గడువు ముగిసేసరికి అందులో చిన్న వంతు కూడా చేతులు మారలేదు. బలంతో గుంజుకున్న భూమిని ధర కట్టి కొనుక్కోమంటే ఏమవుతుందో ఆయన రాసిన చరిత్ర చదివినవాడు ముందే వూహించవలసింది. దక్షిణాఫ్రికాలోనే స్థిరపడి, ప్రిటోరియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా వుండి, 2017లో కన్నుమూశాడు. తనకు హెచ్ఐవి వుందని దాచుకోకుండా చెప్పి, ఆ మందులు బీదదేశాల వాళ్లకూ అందాలని కొట్లాడిన మనిషి. ఆ ధైర్యాన్ని కాదనలేం.

ఔరేపల్లి మెట్ట ఊరు, వానల మీద బతికేది. కృష్ణా కాలువ నీళ్లు పారే చోట ఆ నాణెం కథ మనకెందుకు అనవచ్చు. కాలువ వున్నంత మాత్రాన నాణెం ఎగరడం ఆగలేదు. 1977 నవంబరు 19న దివిసీమను వుప్పెన ముంచింది, ఇంచుమించు ఆ ప్రయోగం నడిచిన కాలంలోనే. 2024 సెప్టెంబరు మొదట్లో కృష్ణ, బుడమేరు పొంగి బెజవాడనూ చుట్టుపక్కల పొలాలనూ ముంచాయి. మంగళగిరి దగ్గరి పల్లపు చేలకు కొండవీటి వాగు భయం వుండనే వుంది.

అంతకన్నా పెద్ద తేడా ఒకటుంది. ప్రొఫెసర్ గారి ఆటలో ఎంత దురదృష్టం పట్టినా సున్నా వస్తుంది, సొంత జేబులోంచి ఎవరూ ఒక్క రూపాయి ఇచ్చుకోనక్కర్లేదు. కౌలు సేద్యం అలా కాదు. లెక్క కోసం ఒక ఎకరం వరి తీసుకుందాం. మంచి ఏడు 34 బస్తాలు, గాలివాన పట్టిన ఏడు 16 బస్తాలు అనుకుందాం. కౌలు 18 బస్తాలు. దుక్కి, విత్తనం, ఎరువు, నాట్లు, కోత కలిపి 12 బస్తాల విలువ. ఎవరి ఊరి అంకెలు వాళ్లు వేసుకోవచ్చు. బొమ్మ పడితే కౌలుదారుకు మిగిలేది 4 బస్తాలు. బొరుసు పడితే 14 బస్తాల అప్పు. మరి భూమి యజమానికి? బొమ్మ పడినా 18, బొరుసు పడినా 18. ప్రొఫెసర్ గారి పట్టికలో మొట్టమొదటి వరుస, ఏ భయమూ లేని వరుస, ఆయనకు రాసిపెట్టి వుంది. కౌలుదారుకు ఇచ్చిన వరుస ఆ పట్టికలో ఎక్కడా లేదు. అంత ఘోరమైన పందెం ఔరేపల్లిలో ఎవరి ముందూ పెట్టలేదు. ఏటా ఆ వరుసకు ఒప్పుకుని చేలో దిగుతున్నవాడిని తెగువ లేదంటున్నారు!

అమరావతి భూసమీకరణను కూడా ఈ పట్టిక పక్కన పెట్టి చూడవచ్చు. 2015లో 29 గ్రామాల్లో, అందులో మంగళగిరి మండలంలోని కురగల్లు, నిడమర్రు వంటివీ వున్నాయి, 33 వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. భూమి వున్నవాడు ఇవ్వాలా వద్దా అని తలపట్టుకున్నాడు, ఇచ్చినవాడికి ఏటా కౌలు, ముందు ముందు ప్లాటు. ప్రభుత్వాలు మారిన కొద్దీ అతని నాణెం గాలిలోనే తిరిగింది, అదీ నిజమే. కానీ ఆ చేలల్లో మల్లెలు కోసి, అరటి గెలలు మోసి బతికిన కూలీని నీ వరుస ఏదని అడిగిందెవరు? భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను, పదేళ్లపాటు అని నిర్ణయించారు. ఎంచుకోవడమనేది అతనికి ఆ ఆటలో లేదు.

అప్పు దగ్గరకు వద్దాం, ప్రొఫెసర్ వేలు పెట్టి చూపిన చోటు అదే కాబట్టి. తాకట్టు లేనివాడికి బ్యాంకు తలుపు తెరిపించాలని 2011లో వుమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అధీకృత సాగుదారుల చట్టం చేసి రుణ అర్హత కార్డులిచ్చారు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, గ్రామ రెవెన్యూ అధికారి ఎదుట, సాగుదారుకు హక్కు కార్డు. కార్డు చూపితే పంటరుణం, పంటనష్ట పరిహారం అడగవచ్చు. అయితే ఆ ఒప్పందం మీద యజమాని సంతకం వుండాలి. సంతకం పెడితే భూమి చెయ్యిజారుతుందని యజమాని అనుమానం. పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకడికి పోతుందని కౌలుదారు భయం. బొమ్మ పడినా బొరుసు పడినా 18 బస్తాలు ఇంటికొచ్చే మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి వెనకాడుతున్నాడు.